గురకపెట్టే భరిణె

ఏడు కనుమల బాట వేసినవాడెవడో గాని, వాడికి మనుషుల మోకాళ్ళ మీద తీరని పగ ఏదో ఉండి ఉండాలి. దొంతికొండల్లో ఎక్కడ నిటారుగా ఉంటే అక్కడికే ఎక్కిస్తుంది ఆ బాట. ఎక్కిన మనిషి ఊపిరి తీసుకునేలోగా మళ్ళీ పాతాళానికి దింపుతుంది. కింద ఘోషవతీ నది తెల్లని నురగలు కక్కుతూ, ఏనుగులంత బండలను దొర్లించుకుంటూ పోతుంటుంది. పైన మంచు తలపాగాలు చుట్టుకున్న శిఖరాలు ఒకదాని భుజం మీదుగా ఒకటి తొంగిచూస్తుంటాయి. ఆ రెండింటి నడుమ, మేక కూడా ఆలోచించి అడుగువేసే సన్నని దారి. ఆ దారి వెంట ముగ్గురు మనుషులు ఒకరి వెనుక ఒకరు నడుస్తున్నారు. ముగ్గురిలో నిజం పేరు చెప్పుకున్నది ఒక్కరే. తమాషా ఏమిటంటే, అందరికన్నా ఎక్కువ అనుమానం ఆ ఒక్కరి మీదే పడింది.

నడుమ నడుస్తున్నవాడు మేదురపురి యువరాజు ఉదయార్కుడు. ఉప్పు అమ్ముకునే రేచననని అందరికీ చెప్పుకున్నాడు. వీపున ఉప్పుమూట ఉంది. మూటలో పైపైన రెండు దోసిళ్ళు ఉప్పు, దాని కింద ఇసుక, ఇసుకలో పట్టుగుడ్డ చుట్టిన గంధపుచెక్క భరిణె. ఆ భరిణెలో అతని తండ్రి నిద్ర ఉంది.

జృంభకుడనే మాంత్రికుడు వైద్యుడి వేషంలో కోటకు వచ్చి, నాడి చూసే నెపంతో ప్రసన్నవర్మ మహారాజు నిద్రను ఊడబెరుక్కుపోయాడు. ఆనాటి నుంచి మహారాజు కన్ను మూతపడలేదు. మొదట్లో అదొక వినోదంగానే ఉండేది. వేళగాని వేళ కొలువు తీర్చి, ఎప్పుడో తేలిపోయిన తగాదాలన్నీ తిరగదోడి, మంత్రులను కునుకు తియ్యనివ్వకుండా చంపుకుతిన్నాడు. తరువాత మాట తడబడింది. ఆ తరువాత మనుషులను పోల్చుకోవడం మానేశాడు. ఉదయార్కుడు కోట విడిచి బయలుదేరిన రోజున తండ్రి అతణ్ణి ఎగాదిగా చూసి, “ఎవరు బాబూ నువ్వు? నీకు నిద్ర పడుతుందా?” అని అడిగాడు. ఆ మాట యువరాజు గుండెలో ముల్లులా దిగబడి ఇప్పటికీ అక్కడే ఉంది. రాబోయే అమావాస్యలోగా నిద్ర తిరిగి చేరకపోతే మహారాజు దక్కడు. అదే అమావాస్యకు జృంభకుడు ఆ నిద్రను మింగగలిగితే మహారాజుకు మిగిలిన ఆయుష్షంతా వాడిదవుతుంది.

నానా అగచాట్లు పడి, ఘోషవతి పుట్టిన గుహలో జృంభకుడు దాచిపెట్టిన ఆ భరిణెను ఉదయార్కుడు సంపాదించాడు. గుహను కాచే యక్షిణి దాన్ని చేతికిస్తూ హెచ్చరించింది. “నిద్రను కుదపకు. దాని దగ్గర కేకలు పడనివ్వకు. ఒకసారి మెలకువ వచ్చిందా, ఇక అది గాలిలో కలిసిపోతుంది. జృంభకుడు ఏదో ఒక రూపంలో నీ వెంట నడుస్తాడు. లాక్కుంటే నిద్ర చెదురుతుందని వాడికీ తెలుసు. అందుకని నీ అంతట నువ్వే వాడి చేతిలో పెట్టేలా చేసుకుంటాడు.”

అప్పటి నుంచి యువరాజు చెట్టును అనుమానించాడు, పుట్టను అనుమానించాడు, దారిలో తోక ఊపుతూ ఎదురొచ్చిన కుక్కను కూడా అనుమానించాడు. ఊరట ఒక్కటే ఉండేది. భరిణెకు చెవి ఆనిస్తే తండ్రి గురక వినబడేది. నాలుగు గురకలు, ఆ వెంట సన్నని ఈల ఒకటి, మళ్ళీ గురకలు. చిన్ననాడు తండ్రి పక్కలో పడుకుని ఆ ఈల కోసం ఎదురుచూస్తూ నిద్రపోయిన పిల్లవాడు గనుక, రోజూ ఉదయం అది విన్న తరువాతే అడుగు ముందుకు వేసేవాడు.

ఆ రోజు ఉదయం ఆరో మజిలీ గుడిసెలో ఆ ఊరట కూడా దక్కలేదు. గుడిసె నదికి ఆనుకుని ఉంది. నీటి హోరులో పక్కమనిషి మాటే వినబడటం కష్టం, ఇక భరిణెలో గురక ఏం వినబడుతుంది? పైగా మూట మూతికి ఉన్న ముడి అతనిది కాదు. తాను ఎప్పుడూ కుడిచేతి వాటంగా రెండు ముళ్ళు వేస్తాడు. ఇప్పుడు ఉన్నది ఎడమచేతి ముడి. గబగబా ఇసుకలో చేయి పెట్టి తడిమాడు. పట్టుగుడ్డ తగిలింది. గుడ్డలో గుండ్రంగా, బరువుగా భరిణె తగిలింది. గుడ్డ విప్పి చూద్దామంటే ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఉన్నది కదా అని ఊపిరి పీల్చుకున్నాడు గాని, తను నిద్రపోతుండగా ఎవరో మూట విప్పారన్నమాట నిజం.

గుడిసెలో ఉన్నది ఇద్దరే. ఒకరు ముప్పడు తాత. రెండు మజిలీల కింద కలిశాడు. వెన్నలాంటి ముసలాయన, నోటి నిండా మంచిమాటలు. రెండోది బయ్యమ్మ. కొండ తేనె, మైనం అమ్ముకునే నడివయసు మనిషి, నడుముకు తేనెపట్టు కోసే కత్తి. ఆమెది ఎడమచేతి వాటం. అదిగాక రోజూ యువరాజు వెనుకనే నడుస్తూ, వీపు మీది మూటను కళ్ళతో తినేస్తుంది. ఇంక వేరే ఆలోచన ఎందుకని ఉదయార్కుడు తీర్మానించుకున్నాడు.

ముగ్గురూ కూర్చుని నార అల్లుతున్నారు. ఏడు కనుమల బాట మీద ఒక కట్టుబాటు ఉంది. ఎవరి చెప్పులు వారు అల్లుకోకూడదు. ముందువాడి పాదం ఎలా పడుతోందో వెనుక నడిచేవాడికే కనబడుతుంది గనుక, ముందువాడి చెప్పులు వెనుకవాడు అల్లాలి. అందరికన్నా ముందు నడిచేవాడు అందరికన్నా వెనుకనున్నవారికి అల్లాలి. ఏడో కనుమ మీద చెప్పులమ్మ స్తంభం ఉంటుంది. అరిగిన చెప్పులు అక్కడ విడిచి కొత్తవి తొడుక్కోవాలి. విడిచినవాటిని అల్లినవారే స్తంభానికి వేలాడగట్టాలి. నా చేతిపని ఒక మనిషిని ఇంతదూరం క్షేమంగా తెచ్చింది తల్లీ అని చెప్పుకోవడమన్నమాట. అలా ముప్పడు తాత కాళ్ళు యువరాజు చేతుల్లో, యువరాజు కాళ్ళు బయ్యమ్మ చేతుల్లో ఉన్నాయి. యువరాజుకు కత్తి తిప్పడం వచ్చు, గుర్రాన్ని మచ్చిక చెయ్యడం వచ్చు. నార అల్లడం ఈ బాట మీదే నేర్చుకున్నాడు, ఇంకా రాలేదు.

బయ్యమ్మ చేతిలోని నారను పళ్ళతో బిగించి లాగుతూ అడిగింది. “ఏమబ్బీ రేచా, ఇన్ని వానల్లో తడిసి వచ్చాం. నా తేనెబుర్రల మూతలే నానిపోయినయ్. నీ ఉప్పుమూట నుంచి ఒక్క చుక్క కారగా నేను చూడలా.”

యువరాజు మూటకు అడ్డంగా జరిగాడు. “అది గట్టి ఉప్పు అక్కా.”

“గట్టి ఉప్పు,” అంది బయ్యమ్మ. “నేను పుట్టింతర్వాత వినలా.”

“పోనీలేమ్మా, ఎవరి సరుకు గుట్టు వాళ్ళది,” అన్నాడు ముప్పడు తాత నవ్వుతూ. “ఈ అబ్బాయి చేతిపని చూడు నువ్వు. రెండు మజిలీలు నడిచినా నా కాలికి ఒక్క రాయి గుచ్చుకోలేదు. ఇట్లాంటి చెప్పు నా జన్మలో తొడగలేదు.”

పుట్టి బుద్ధెరిగి తన చేత్తో చేసిన వస్తువును ఒకరు మెచ్చుకోవడం యువరాజుకు అదే మొదటిసారి. మునగచెట్టు ఎక్కించడం ఎలా ఉంటుందో కోటలో రోజూ చూసినవాడే, అయినా హాయిగా ఎక్కి కూర్చున్నాడు. బయ్యమ్మ ఆ చెప్పుల వంకా, అల్లినవాడి వంకా మార్చి మార్చి చూసి, మళ్ళీ నార అందుకుంది.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు ఏడో కనుమ ఎక్కారు. అక్కడ గాలి మనిషిని తోసేస్తుంది. నల్లరాతి స్తంభం చుట్టూ గుంజలు పాతి, గుంజల మధ్య తాళ్ళు కట్టి, ఆ తాళ్ళకు తరతరాల బాటసారుల చెప్పులు వేలాడదీసి ఉన్నాయి. మడమలు అరిగినవి, వేళ్ళ దగ్గర చిరిగినవి, నెత్తురు ఎండి నల్లబడ్డవి, పసిబిడ్డను ఎత్తుకుని నడిచిన తల్లివి, అన్నీ గాలికి ఊగుతూ టపటపా కొట్టుకుంటున్నాయి. కనుమ నుంచి దారి రెండుగా చీలుతుంది. కుడివైపు దారి తాళ్ళ వంతెన మీదుగా నది దాటి మేదురపురి పోతుంది. ఎడమవైపు దారి తేనెలోయలోకి దిగుతుంది. అక్కడ నది పలచబడుతుంది, కాలినడకన దాటవచ్చు. కాని ఆ దారిన దిగినవారెవరూ తిరిగి వచ్చి ఆ తాళ్ళకు చెప్పులు కట్టింది లేదు.

ముప్పడు తాత విడిచిన చెప్పులు చేతిలోకి తీసుకుని ఉదయార్కుడు మురిసిపోయాడు. రెండు మజిలీల రాళ్ళు తొక్కినా అడుగున ఒక్క పోగు లేవలేదు. మట్టి కూడా అంటలేదు. ఎలా అల్లాడో అలాగే ఉన్నాయి. ‘నాన్నకు నిద్రొచ్చి లేచాక మొట్టమొదట ఈ సంగతే చెప్పాలి,’ అనుకున్నాడు. వాటిని అందరికీ కనబడేలా ఎత్తున కట్టాడు. బయ్యమ్మ అతని పాతచెప్పులు కట్టడానికి వెనుకనే ఉండిపోయింది. “మీరు పదండి, నేనొస్తా,” అంది. ఆమె ఎందుకు ఆగుతోందో అని యువరాజు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఊగే చెప్పుల గుంపులో ఆమె కనబడలేదు.

దిగుడు దారి పాచిపట్టి జారుతోంది. ముందు ముప్పడు తాత చెరువులో పడవ జరిగినట్టు సాఫీగా దిగిపోతున్నాడు. యువరాజుకు మాత్రం బయ్యమ్మ అల్లిన కొత్తచెప్పు పాదాన్ని గట్టిగా కరుచుకుని, వేళ్ళు కదలనివ్వడం లేదు. ఒకచోట కాలు మెలికపడి, మూటతో సహా ముందుకు తూలి, కొమ్మ దొరకబట్టి ఆగాడు. కిందంతా అగాధం. తన ప్రాణం సంగతి అటుంచి, భరిణె ఎంత కుదుపుకు గురైందో అని మూటకు చెవి ఆనించాడు. నది హోరు తప్ప ఏమీ వినబడలేదు.

“కావాలనే బిగించింది తాతా,” అన్నాడు పళ్ళు కొరుకుతూ.

“ఛ, అనకు నాయనా. కళ్ళతో చూడని తప్పు అంటగట్టకూడదు,” అన్నాడు ముప్పడు తాత. అడుగు ఆపకుండానే, “అయినా ఆమె వెనక రాకముందే వంతెన దాటితే మంచిది. వంతెన బాగా ఊగుతుంది మరి. నీ కాలు చూస్తే మెలికపడింది. ఆ మూటలో పగిలేదేదన్నా ఉందా?”

యువరాజు మూట తాడు బిగించుకున్నాడు.

“నాకెందుకులే, అడగకూడదు. నేను మొయ్యనూ లేను ముసలివాణ్ణి. ఏదో చిన్న వస్తువైతే గుడ్డలో కట్టి గుండెకు హత్తుకుని, చుక్క తొణకకుండా దాటించి ఉందును.”

అడిగి ఉంటే ఇచ్చేవాడు కాదు. వద్దన్నాడు గనుక మనసు అటు లాగింది. వంతెన గట్టుకు వచ్చేసరికి యువరాజు మనసులో ఒక పెద్ద వాదన నడిచి ముగిసిపోయింది. వంతెన ఊగుతుంది, తన కాలు కుంటుతోంది, తాత నడకలో కుదుపన్నదే లేదు. దొంగ వెనుక నుంచి వస్తోంది. యక్షిణి చెప్పింది నిజమే, కాని ఇది వాడి చేతిలో పెట్టడం కాదు గదా, వాడి నుంచి దాచడం కదా. తెలివైనవాడు తప్పు చేసేటప్పుడు ఇన్ని కారణాలు కావలసి వస్తాయి.

పట్టుగుడ్డ మూట బయటికి తీసి, రెండు చేతులతో ముప్పడు తాత చేతుల్లో పెట్టాడు. “మెల్లగా తాతా. ఇది మా నాన్న ప్రాణం.”

“నాకు తెలియదా నాయనా,” అన్నాడు ముప్పడు తాత. ఆ మాట ఎందుకో యువరాజు చెవికి వింతగా తగిలింది.

సరిగ్గా అప్పుడే బయ్యమ్మ మలుపు తిరిగి పరుగున వచ్చింది. ఆమె చేతిలో, యువరాజు గుంజ మీద ఎత్తున కట్టిన చెప్పుల జత ఉంది. వస్తూనే యువరాజు మెడకు తేనెకత్తి ఆనించి, “తాతా, నువ్వు దాటిపో. వీణ్ణి నేను పట్టుకుంటా. వీడు ఉప్పు బేరగాడు కాదు, మాయలోడు,” అంది.

ముప్పడు తాత ఇద్దరినీ చూసి దయగా తల ఊపి, గుడ్డమూటను గుండెకు హత్తుకుని వంతెన మీదికి నడిచాడు.

“నీ చేతిపని నాకు తెలవదా?” అంటోంది బయ్యమ్మ రొప్పుతూ. “కాకిగూడు లాగా అల్లుతావు. అట్లాంటి చెప్పు రెండు మజిలీలు నడిచి కొత్తగా ఉందంటే మంత్రం వేసి అల్లినట్టే గదా. నోరు తెరవబోకు, మంత్రం చదివావంటే గొంతు తెగుద్ది.”

“అక్కా,” అన్నాడు యువరాజు మెల్లగా. “అల్లినవాణ్ణి తరువాత చూద్దువుగాని. తొడుక్కున్నవాణ్ణి చూడు.”

ఇద్దరూ వంతెన వైపు చూశారు. పిట్ట వాలినా ఊగిపోయే తాళ్ళ వంతెన అది. గాలికి అటూ ఇటూ కదులుతోంది. మనిషి బరువు పడితే మధ్యలో కుంగాలి, పలకలు కిర్రుమనాలి. ముప్పడు తాత నడివంతెన మీద ఉన్నాడు. పలకలు కుంగడం లేదు. కిర్రుమనడం లేదు. తాత పాదాలకూ పలకలకూ మధ్య వేలెడు సందులోంచి అవతలి గట్టు పచ్చగా కనబడుతోంది.

యువరాజుకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేలకు ఆనని కాళ్ళకు చెప్పులు ఎలా అరుగుతాయి? కుదుపు లేని నడక ఎక్కడిది? అంతా కళ్ళెదుటే ఉన్నా, తన చేతిపని అనుకుని మురిసిపోయాడు. మెడ మీది కత్తి జారిపోయిన సంగతి కూడా గమనించకుండా వంతెన మీదికి ఉరికాడు. అప్పటికే ముప్పడు తాత అవతలి గట్టు చేరాడు. తెల్లగడ్డం రాలిపోయింది. వంగిన నడుము నిటారైంది. కళ్ళ కింద సంచులు వేలాడే బక్కపలచని పొడుగాటివాడు నిలబడి ఆవులించాడు. జృంభకుడు.

“చెప్పులు నిజంగానే బాగున్నాయి యువరాజా,” అని ఒక్క వేటుతో తాళ్ళు తెగ్గొట్టాడు.

బయ్యమ్మ యువరాజు నడుము దట్టీ పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ గట్టున పడ్డారు. వంతెన కొండచిలువలా మెలికలు తిరుగుతూ నదిలో పడిపోయింది. జృంభకుడు దేవదారు చెట్లలోకి మాయమయ్యాడు.

ఉదయార్కుడు లేవలేదు. మట్టిలో అలాగే కూర్చుని ఏడ్చాడు. యువరాజులు ఏడవకూడదన్న సంగతి ఆ క్షణాన అతనికి గుర్తు రాలేదు. “మా నాన్నను నా చేతులతో ఇచ్చేశాను,” అన్నాడు.

బయ్యమ్మ కత్తి దోపుకోలేదు. కాస్త దూరంగా చతికిలబడి అడిగింది. “ఆ పెట్టెలో గురకపెట్టేది ఎవరు? ఈసారన్నా నిజం చెప్పు.”

యువరాజు తలెత్తాడు. “నీకెలా తెలుసు?”

“మొన్న వాన ఆగినప్పుడు నీ వెనకాల నడుస్తూ విన్నా. ఉప్పుమూటలో మనిషి గురక. ఎవరినో పెట్టెలో పెట్టి బంధించావనుకున్నా. ఎవరు ఆ మనిషి?”

యువరాజు దాపరికం మాని అంతా చెప్పాడు. ఆమె నమ్మలేదు. నిద్రను దొంగిలించడం ఏమిటని నవ్వింది. కొడుకువే అయితే ఆ గురక ఎట్లా ఉంటుందో చెప్పమంది. మాటల్లో చెప్పడం చేతగాక మేదురపురి యువరాజు ఘోషవతీ తీరాన, కన్నీళ్ళు తుడుచుకుని, కళ్ళు మూసుకుని గురకపెట్టి చూపించాడు. నాలుగు గురకలు పెట్టాడు. తరువాత పెదవులు సున్నాలా చుట్టి సన్నగా ఈల వేశాడు.

బయ్యమ్మ ముఖంలో బిగువు సడలింది. “అదే ఈల,” అంది. ఆ తరువాత చాలాసేపు నది వంకే చూస్తూ మాట్లాడింది. “మా ఆయన కాటమ తేనెలోయలోకి పోయి రాలా. ఆయనకీ గురకే. మొదట విన్నప్పుడు ఆయనేనేమో అని ఆశపడ్డా. రాత్రి నువ్వు పడుకున్నాక ముడి విప్పి, పెట్టెను నది హోరు వినబడని బండ చాటుకు తీసుకుపోయి చెవి ఆనించి విన్నా. ఈల ఉంది. మా ఆయనకి ఈల లేదు. ఆయన కాదని తెలిసింది. అయినా ఎవరి ఇంటి మనిషో గదా, ఎవరో ఒకామె ఎదురుచూస్తా ఉంటది గదా అనిపించింది.”

“రాత్రి విప్పింది నువ్వేనా?”

“విప్పి ఊరుకోలా. పెట్టె తీసుకుని, నీ గుడ్డలో నా మైనం డబ్బా చుట్టి పెట్టా. ఆ ముసలోడు మోసుకుపోయింది మైనం.”

ఉదయార్కుడు ఆమె కాళ్ళ మీద పడబోయాడు. ఆమె పక్కకు జరిగి, “నన్ను దొంగనుకున్నావు గదూ?” అంది.

“అనుకున్నాను.”

“మంచిదే. నేను నిన్ను అంతకన్నా చెడ్డోడివనుకున్నా. చెల్లుకు చెల్లు. పెట్టె నా దగ్గర ఉంటే నువ్వు పట్టేస్తావని చెప్పులమ్మ దగ్గర కట్టొచ్చా. కుంటుకుంటా అయినా సరే, నడువ్.”

కొత్తచెప్పు ఎందుకు బిగించావని ఎక్కేటప్పుడు యువరాజు అడిగాడు. “పారిపోకుండా,” అంది బయ్యమ్మ. అని, వంగి, తన చేత్తోనే ముడి వదులు చేసింది.

పొద్దు వాలే వేళకు కనుమ చేరారు. వేలాడే చెప్పుల మధ్య, యువరాజు పాతచెప్పులు రెండూ బోర్లించి కుట్టిన గూడులో భరిణె ఉంది. గాలికి ఉయ్యాలలా ఊగుతోంది. చెవి ఆనించగానే లోపల గురక నిండుగా, తృప్తిగా వినబడింది. కోటలో హంసతూలికా తల్పం మీద కూడా మహారాజు అంత సుఖంగా నిద్రపోయి ఎరగడు. ఈల కూడా వచ్చింది.

అంతలో నది అవతలి నుంచి అరుపు లేచింది. జృంభకుడు గుడ్డ విప్పి మైనం చూసినట్టున్నాడు. ఆ అరుపు ఒక కొండకు తగిలి మరో కొండకు, అక్కడి నుంచి ఇంకో కొండకు దొర్లుకుంటూ వచ్చింది. “భరిణె ఎలాగైనా నా గట్టుకు చేర్చు యువరాజా. లేకపోతే ఇలాగే అరుస్తుంటాను. నీ తండ్రి నిద్ర ఎంతసేపు ఓర్చుకుంటుందో చూద్దాం.”

గురక తెగింది. లోపల ఎవరో పక్కకు ఒత్తిగిలినట్టు కదలిక. చిన్న దగ్గు.

యువరాజు భరిణెను గూడులోంచి తీశాడు. చంటిబిడ్డ ఉలిక్కిపడితే ఎవరైనా ఏం చేస్తారో అదే చేశాడు. భరిణెను గుండెకు హత్తుకుని జోకొట్టాడు. తల్లి లేని తనకు చిన్నప్పుడు జోల పాడింది ఆ తండ్రే. కొలువు నుంచి కిరీటం కూడా తియ్యకుండా వచ్చి, పక్కన కూర్చుని, శ్రుతి లేని గొంతుతో పాడేవాడు. ఆ జోలనే యువరాజు ఇప్పుడు ఎత్తుకున్నాడు. గొంతు తండ్రిదే వచ్చింది, శ్రుతి రాలేదు. అయినా దగ్గు సద్దుమణిగింది. గురక మెల్లగా తిరిగి అందుకుంది.

జృంభకుడు మళ్ళీ అరిచాడు. యువరాజు మళ్ళీ పాడాడు. అలా ఎంతసేపని పాడగలడు?

“ఆ అరుపు వినబడని చోటు ఒకటే ఉంది,” అంది బయ్యమ్మ. ఆమె ఎడమవైపు దారిని చూస్తోంది. “తేనెలోయ. గాల్లో నడిచేవాడికి నీళ్ళ మీద ఆట సాగదు, లేకుంటే వంతెన ఎందుకు ఎక్కుతాడు? మనం నడిచి దాటొచ్చు. పద, పాడతానే ఉండు.”

ముందు ఆమె నడిచింది. వెనుక యువరాజు పాడుతూ, పాదం పాదం ఆచితూచి వేస్తూ దిగాడు. బండల మలుపులు తిరిగినకొద్దీ జృంభకుడి అరుపు సన్నగిల్లి, చివరకు ఆగిపోయింది. లోయ ముఖద్వారం దగ్గర బయ్యమ్మ చటుక్కున ఆగి, చేయి వెనక్కి చాచి యువరాజు నోరు మూసింది. రెండు వైపులా ఆకాశమంత ఎత్తున కొండగోడలు. ఆ గోడలకు ఏనుగు చెవులంత నల్లని తేనెపట్లు వందల కొద్దీ వేలాడుతున్నాయి. ఒక్కొక్క ఈగ పిచ్చుకంత ఉంది. కింద మోకాలిలోతు నీరు చప్పుడు లేకుండా, గాజులా పరుచుకుని ఉంది.

బయ్యమ్మ అతని చెవిలో ఊపిరితోనే చెప్పింది. “ఇక్కడ మనిషి గొంతు వినబడకూడదు. వినబడితే మొత్తం లేస్తాయి. మా ఆయనకి పని చేస్తా పాడుకునే అలవాటు.”

ఉదయార్కుడు జోల ఆపేశాడు. భరిణెలో గురక ఒక్కసారి, రెండుసార్లు వినబడింది. మూడోది పొట్టిగా తెగింది. నాలుగోది అసలు రాలేదు. అతను అంగరఖా విప్పి, భరిణెను నేరుగా గుండె చర్మానికి ఆనించుకుని, పైన చేయి కప్పి, వేలికొసలతో తండ్రి తనను జోకొట్టిన లయలోనే జోకొట్టసాగాడు. ఈల కోసం చెవులు రిక్కించాడు.

బయ్యమ్మ చెప్పులు చేత పట్టుకుని నీటిలో దిగింది. ఈల వినబడలేదు. నిద్ర ఇంకా ఉందో లేదో తెలియకుండానే, జోకొట్టడం ఆపకుండా యువరాజు ఆమె వెనుక మొదటి అడుగు వేశాడు.